కాళ్లు కదపడం రాదు, రిసెప్షన్‌లో డాన్స్ చేయమంటున్నారు

తెనాలి దగ్గరి పల్లె నుంచి వెళ్లి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 32 ఏళ్ల పాఠకుడు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. ఇంకో పది వారాల్లో ఆయన పెళ్లి. అమ్మాయిదీ తెలుగు కుటుంబమే, కాకపోతే ఊహ తెలియని వయసులోనే న్యూజెర్సీ వెళ్లి అక్కడే పెరిగింది. ఇప్పుడు ఇద్దరూ డాలస్‌లోనే ఉంటున్నారు. పెళ్లి మాత్రం న్యూజెర్సీలో. ఉదయం ముహూర్తం, సాయంత్రం హోటల్లో రిసెప్షన్. అతిథులంతా కూర్చున్నాక కొత్త దంపతులు ఇద్దరే ఫ్లోర్ మీదికి వచ్చి ఒక పాటకు డాన్స్ చేయాలి. అక్కడి పెళ్లిళ్లలో దీన్ని ఫస్ట్ డాన్స్ అంటారు. అమ్మాయి స్నేహితులు, ఆఫీసువాళ్లు, కజిన్స్ అందరూ అది ఉంటుందనే అనుకుంటున్నారు.

ఇద్దరికీ డాన్స్ రాదు. ఆయన మాటల్లోనే: “ఏడో తరగతిలో స్కూల్ వార్షికోత్సవానికి గ్రూప్ డాన్స్‌లో నన్నూ చేర్చారు. మధ్యలో స్టెప్పులు మరిచిపోయి పాట అయ్యేదాకా అలాగే నిలబడిపోయాను. ఆ స్కూల్లో మా నాన్నగారే లెక్కల మాస్టారు. ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. ఇంటికొచ్చాక ‘ఇవన్నీ మనకెందుకురా’ అన్నారు. అంతే. ఆ తర్వాత స్నేహితుల పెళ్లి ఊరేగింపుల్లో కూడా నేను కాలు కదపలేదు.”

అమ్మానాన్నలు ఈ పెళ్లి కోసమే మొదటిసారి అమెరికా వస్తున్నారు. రిసెప్షన్‌తో సహా అంతా యూట్యూబ్ లైవ్‌లో ఊళ్లో బంధువులు చూస్తారు. “నాన్నగారి ముందు, ఊరంతా చూస్తుండగా ఆమె నడుం మీద చెయ్యి వేసి ఎలా నిలబడను?” అన్నది ఆయన బాధ. అమ్మాయి మొదట “నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం” అందట. ఈయన ముఖం చూసి వెంటనే “పోనీలే, నీ ఇష్టం” అనేసిందట. ఆమె కజిన్స్ మాత్రం కొరియోగ్రాఫర్‌ని పెట్టి అయిదు పాటల మెడ్లీ చేయిద్దామని వాట్సాప్ గ్రూపు తెరిచారు. “చేయాలా, మానాలా? చేస్తే నాలాంటివాడికి పది వారాల్లో వస్తుందా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి” అని ముగించారు.

మీ ఉత్తరంలో డాన్స్ గురించి ఉన్నది తక్కువే. ఎక్కువ భాగం నాన్నగారు, ఊళ్లో లైవ్ చూసేవాళ్లు, ఆమె అన్న ‘నీ ఇష్టం’. రెండు నిమిషాల పాట మీకు ఇంత బరువైపోయింది అందుకే. అడుగులు వస్తాయా అని అడిగారు. వస్తాయి, ఎలాగో కింద వివరంగా రాస్తాను. కానీ ఎవరి కోసం నేర్చుకుంటున్నారో తెలియకుండా మొదలుపెడితే మొదటి వారంలోనే విసుగొస్తుంది. తేల్చి చెప్పమన్నారు గానీ, తేల్చుకోవాల్సింది మీ ఇద్దరే. ఏ దారి పడితే ఏమవుతుందో నేను చెప్పగలను.

ముందు ఆమె సంగతి. ‘నీ ఇష్టం’ అనగానే ఆ విషయం ముగిసిందని మీరు ఊపిరి పీల్చుకున్నారేమోనని నాకు దిగులుగా ఉంది. చిన్నప్పటి కోరికను బయటపెట్టి, ఎదుటివాళ్ల ముఖం చూసి మరుక్షణం వెనక్కి తీసుకున్న మనిషి దాన్ని వదులుకున్నట్టు కాదు. ఈ వారంలోనే తీరిగ్గా కూర్చుని మాట్లాడండి. ‘చేద్దామా, వద్దా’ అని మాత్రం అడగొద్దు, మళ్లీ అదే జవాబు వస్తుంది. ‘నువ్వు చూసిన పెళ్లిళ్లలో నీకు బాగా గుర్తుండిపోయిన ఫస్ట్ డాన్స్ ఏది? అందులో ఏం నచ్చింది?’ అని అడగండి. ఆ రోజు మోగిన పాట నచ్చిందని చెప్పొచ్చు. అంత హడావుడిలోనూ ఆ జంటకు విడిగా రెండు నిమిషాలు దొరకడం నచ్చిందని చెప్పొచ్చు. స్నేహితులంతా చుట్టూ చేరి కేకలు పెట్టడం నచ్చిందనీ చెప్పొచ్చు. ఏది చెబుతుందన్న దాన్ని బట్టి మీరు చేయాల్సింది పూర్తిగా మారిపోతుంది.

ఇంకొకటి. ఆ ఏడో తరగతి సంగతి ఆమెకు చెప్పారా? చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. చెప్పకపోతే మీ వెనకంజకు ఆమె తనకు తోచిన కారణం వెతుక్కుంటుంది. తను పెరిగిన చోటన్నా, అక్కడి పద్ధతులన్నా మీకు చిన్నచూపు అనుకునే ప్రమాదం ఉంది. పన్నెండేళ్ల పిల్లాడు స్టేజీ మీద బిక్కచచ్చి నిలబడిపోయాడని తెలిస్తే ఆ అనుమానానికే చోటుండదు.

ఇక నాన్నగారు. ‘ఇవన్నీ మనకెందుకురా’ అన్న ఒక్క మాటను మీరు ఇరవై ఏళ్లుగా తీర్పులా మోస్తున్నారు. ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తన స్కూల్లో, తన తోటి మాస్టార్ల మధ్య కొడుకు అలా నిలబడిపోతే సిగ్గుపడి అని ఉండొచ్చు. మళ్లీ నీకు ఇలాంటి బాధ వద్దురా అని ఓదార్చబోయి ఆ మాట అని ఉండొచ్చు. మన నాన్నల్లో చాలామందికి ఓదార్పు కూడా మందలింపు గొంతుతోనే వస్తుంది. అసలు ఆయనకు ఆ మాట గుర్తే లేకపోవచ్చు.

అందుకని ఆయన విమానం ఎక్కకముందే మీరే ఫోన్ చేయండి. కజిన్స్ పెట్టే వీడియో ద్వారానో, రిసెప్షన్ హాల్లో డీజే మైకులో పిలిచినప్పుడో ఆయనకు తెలియకూడదు. పెద్దవాళ్లను చాలాసార్లు నొప్పించేది జరిగిన పని కంటే, అందరితో పాటు తమకూ అప్పుడే తెలియడం. పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. “నాన్నగారూ, ఇక్కడ రిసెప్షన్‌లో మేమిద్దరం చేతులు పట్టుకుని ఒక పాటకు కాసేపు అడుగులేయడం ఉంటుంది. తనకు చిన్నప్పటి నుంచీ సరదా. రెండు నిమిషాలే. మీకు ముందే చెబుదామని చేశాను” అంటే చాలు. ఆ తర్వాత ఆయన కాసేపు మాట్లాడకపోయినా కంగారుపడి సర్దిచెప్పడం మొదలుపెట్టకండి. ఆలోచించుకోనివ్వండి. అమ్మతో విడిగా మాట్లాడండి. అమ్మకు ఒప్పుకోవడానికి ఇంకాస్త సులువైన దారి ఉంది. మన పెళ్లిలో కూడా అందరి ఎదుట వధూవరులను ఆడించడం ఉంది కదా. బిందెలో ఉంగరం కోసం ఇద్దరి చేతులూ పోటీపడుతుంటే పక్కనుంచి ఉసిగొలిపేది పెద్దవాళ్లే. పూలబంతులు ఆడించేదీ, తలంబ్రాల్లో గెలిచిందెవరని లెక్కలు తీసేదీ వాళ్లే. మీ అమ్మగారూ ఒకనాడు ఆ బిందె ముందు కూర్చున్న మనిషే.

మీలో ఉన్న సంకోచాన్ని పల్లెటూరి వెనకబాటుతనమని మీరు తీసిపారేసుకోవద్దు. జంటగా పట్టుకుని ఆడే డాన్స్ కొత్తగా వచ్చినప్పుడు లండన్‌లో పెద్దలూ ఇలాగే ఇబ్బంది పడ్డారు. కింద మీకు నేర్పబోయే జంట డాన్స్ పేరు వాల్ట్జ్. ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ ప్రాంతాల్లో పుట్టిన దాన్ని 1816లో లండన్‌లో యువరాజు ఇచ్చిన విందులో ఆడించారని ‘ది టైమ్స్’ పత్రిక మండిపడింది. ఆడా మగా అంత దగ్గరగా నిలబడటం మర్యాదస్తుల ఇళ్లకు తగదని, తల్లిదండ్రులు కూతుళ్లను దీనికి దూరంగా ఉంచాలని రాసింది. అంటే మీ నాన్నగారికి కలగబోయే ఇబ్బంది లండన్ పెద్దమనుషులకు రెండు శతాబ్దాల కిందటే కలిగింది. వాళ్లు అలవాటు పడటానికి కొన్నేళ్లు పట్టింది. మీ నాన్నగారికి పది వారాలైనా ఇవ్వండి.

నడుం మీద చెయ్యి అన్న భయానికి మాత్రం నేరుగా జవాబుంది. వాల్ట్జ్‌లో చెయ్యి నడుం మీద ఉండనే ఉండదు. మీ కుడి చెయ్యి ఆమె వీపు పైభాగాన, ఎడమ భుజం ఎముక దగ్గర ఆనుతుంది. ఆమె ఎడమ చెయ్యి మీ కుడి జబ్బ మీద ఉంటుంది. మిగిలిన రెండు చేతులూ పక్కన, కళ్ల ఎత్తుకు కాస్త కిందుగా పట్టుకుని ఉంటాయి. సినిమాల్లో, ఫోటోల్లో కనిపించే నడుం పట్టు కంటే ఇదే సరైన పద్ధతి. మధ్యలో జానెడు దూరం ఉంచుకున్నా ఎవరికీ లోటు కనిపించదు. లైవ్ సంగతి ఇంకా తేలిక. రిసెప్షన్‌లో దంపతులు హాల్లోకి వచ్చేవరకే లైవ్ ఇచ్చి అక్కడ ఆపమని వీడియోవాళ్లకు ముందే చెప్పండి. ఊళ్లో అప్పటికి తెల్లవారుతూ ఉంటుంది. ఎంత ఆత్మీయులైనా ముహూర్తం చూశాక నిద్రపోయి ఉంటారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పూర్తిగా మానేయడం ఒకటి. అది తప్పేమీ కాదు, పెళ్లికి దానివల్ల లోటూ రాదు. ఆమెకు ఆ కోరిక నిజంగానే పైపైదని మాట్లాడాక తెలిస్తే నిశ్చింతగా మానేయండి. అయితే ఆ విషయం డీజేకి, కార్యక్రమం నడిపించే యాంకర్‌కి రాసి ఇవ్వాలి. నోటిమాటగా వదిలేస్తే అలవాటు కొద్దీ మైకులో పిలిచేస్తారు. నాలుగు వందల మంది చప్పట్లు కొడుతుంటే కాదనలేక, సిద్ధం కాకుండా మీరు ఫ్లోర్ మీదికి వెళ్లాల్సి వస్తుంది. మీకు అంతకంటే గడ్డు పరిస్థితి లేదు. ఆ సమయంలో ఇద్దరూ కలిసి మైకు తీసుకుని, దూరం నుంచి వచ్చినవాళ్లకు నాలుగు మాటల్లో కృతజ్ఞతలు చెప్పొచ్చు.

రెండోది, ఎవరూ లేనప్పుడు చేసుకోవడం. అతిథులను హాల్లోకి రానివ్వక ముందో, అందరూ వెళ్లిపోయాకో, ఫోటోగ్రాఫర్ ఒక్కరినే ఉంచుకుని ఆ పాట వేయించుకునే జంటలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆమెకు నచ్చింది ఆ ఇద్దరి ఏకాంతమే అయితే ఇంతకంటే చక్కని దారి లేదు, నాన్నగారి సమస్యే రాదు. చుట్టూ స్నేహితుల సందడి కావాలన్నది ఆమె కోరికైతే మాత్రం ఇది ఆమెను బుజ్జగించినట్టే అవుతుంది. హోటల్‌వాళ్లు హాలు ఎన్నింటికి అప్పగిస్తారో, రాత్రి ఎన్నింటికి పాట ఆపాలో ముందే కనుక్కోవాలి.

మూడోది, పల్లవి వరకు మీరిద్దరే అడుగులేసి, ఆ తర్వాత డీజే మిగతా జంటలందరినీ ఫ్లోర్ మీదికి పిలవడం. డాన్స్ రానివాళ్లకు నేను ఎక్కువగా సూచించేది ఇదే. ఒక నిమిషం గడిచేసరికి మీ చుట్టూ జనం ఉంటారు, మీ కాళ్లను చూసేవాళ్లు ఉండరు. ఇందులో ఒకే చిక్కు. ఎవరూ లేవకపోతే ఖాళీ ఫ్లోర్ మీద పాట మొత్తం మీరే ఉండాల్సి వస్తుంది. మనవాళ్లు పిలవగానే లేచే రకం కాదు. అందుకని ఆమె స్నేహితుల్లో, కజిన్స్‌లో నాలుగు జంటలకు ముందే చెప్పి పెట్టండి. ఆ ఉత్సాహపు వాట్సాప్ గ్రూపుకి ఇది మంచి పని.

నాలుగోది కొరియోగ్రాఫర్, మెడ్లీ. ఇది మీకు నప్పదని నా అభిప్రాయం. మెడ్లీలో పాట మారినప్పుడల్లా వేగం మారుతుంది, వరస గుర్తుంచుకోవాలి, ఒక్క స్టెప్పు జారితే పక్కవాళ్లతో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీరు ఏడో తరగతిలో పడ్డ గుంట సరిగ్గా అదే. పైగా చివరి రెండు వారాలు ఎయిర్‌పోర్టు పికప్‌లు, బట్టల ట్రయల్స్, పురోహితుడితో ఫోన్లు. ఆ టెన్షన్‌లో రిహార్సల్స్ కుదరవు. కజిన్స్‌కి సరదా ఉంటే సంగీత్ రోజున వాళ్లు చేస్తారు, మీరిద్దరూ ముందు వరుసలో కూర్చుని చూడండి. ‘మీరు చేయండి, మేం చప్పట్లు కొడతాం’ అని ఆమె చెబితే బాగుంటుంది. మీరు చెబితే కొత్త అల్లుడు బెట్టు చేస్తున్నాడనుకుంటారు.

ఏ దారి అన్నది ఇప్పుడే నిర్ణయించలేకపోతే ఒక పని చేయండి. తలుపులేసుకుని రెండు వారాలు ఇద్దరే ప్రయత్నించి చూడండి, ఆ తర్వాత తేల్చుకోండి. కాళ్లకు ఏ మాత్రమూ తెలియనప్పుడు తీసుకునే నిర్ణయం భయం చేయించేదే అవుతుంది. నేర్చుకోవాల్సింది కూడా కొంచెమే.

వాల్ట్జ్‌లో మొదటి పాఠం బాక్స్ స్టెప్. నేల మీద ఒక చదరం అనుకోండి. మీ ఎడమ కాలు ముందుకు, కుడి కాలు పక్కకు, ఎడమ కాలు తెచ్చి దాని పక్కన చేర్చడం. ఈ మూడు అడుగులూ కలిపి ఒక తకిట. ఇప్పుడు కుడి కాలు వెనక్కి, ఎడమ కాలు పక్కకు, కుడి కాలు చేర్చడం. ఇది రెండో తకిట. చదరం పూర్తయింది. ఆమె అడుగులు దీనికి సరిగ్గా ఎదురు. మీరు ఎడమ కాలు ముందుకు వేస్తే ఆమె కుడి కాలు వెనక్కి వేస్తుంది. స్కూళ్లలో ఒన్, టూ, త్రీ అని లెక్కపెట్టిస్తారు. మీరు తకిట అనుకోండి, మన చెవికి అదే త్వరగా పట్టుబడుతుంది. నేల మీద టేపుతో ఆ చదరం గుర్తు పెట్టుకున్నా తప్పులేదు. 1920ల్లో అమెరికాలో ఆర్థర్ ముర్రే పాదాల గుర్తులు కాగితం మీద అచ్చువేసి పోస్టులో అమ్మి, డాన్స్ స్కూలు గడప తొక్కని ఎంతోమందికి ఇంట్లోనే అడుగులు నేర్పాడు. ఎవరిళ్లలో వాళ్లున్న రోజుల్లో విడివిడిగా ఈ చదరం నడవండి. పావుగంట చాలు, వారంలో మూడు నాలుగుసార్లు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు చేస్తే కాళ్లు నొప్పులు తప్ప మిగిలేదేమీ లేదు.

చదరం పట్టుబడ్డాక దాన్ని మెల్లగా ఎడమవైపు తిప్పండి. ఒక్కో తకిటకు పావు మలుపు చొప్పున నాలుగు తకిటల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. హాల్లో అన్ని వైపులవాళ్లకూ మీ ముఖాలు కనిపించడానికి ఇదే చాలు. ఇంకా సరదా ఉంటే, మీ ఎడమ చెయ్యి పైకెత్తి దాని కిందుగా ఆమెను ఒకసారి తిప్పండి. అక్కడితో ఆపండి. ఫోటోగ్రాఫర్ తప్పకుండా ఆమెను వెనక్కి వంచమని అడుగుతాడు. చీర కట్టుకున్న మనిషిని, అలవాటు లేని చేతులతో, జారే ఫ్లోర్ మీద వంచొద్దు. వద్దని ముందే చెప్పేయండి.

పాట విషయంలో చాలామంది పొరపాటు పడతారు. పోటీల్లో ఆడే నెమ్మది వాల్ట్జ్ వేగం నిమిషానికి 28 నుంచి 30 తకిటలు, అంటే 84 నుంచి 90 అడుగులు. వియన్నా వాల్ట్జ్ వేగం దాదాపు దీనికి రెట్టింపు. తెలుగు మెలోడీల్లో తిశ్ర నడకలో, అంటే మూడేసి దెబ్బలతో సాగేవి బోలెడున్నాయి, కానీ వేగం ఒక్కో పాటకు ఒక్కోలా ఉంటుంది. ఆమెకు ఇష్టమైన పాట పెట్టి తకిట, తకిట అనుకుంటూ నిమిషానికి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. 30కి అటూఇటూ అయితే బాక్స్ స్టెప్ హాయిగా కుదురుతుంది. 50 దాటితే ప్రతి దెబ్బకూ అడుగేయబోకండి, తకిటకు ఒక్క అడుగు చొప్పున ఎడమకూ కుడికీ ఊగండి. తకిట అసలు కుదరక నాలుగు దెబ్బల తకధిమి కుదిరితే ఆ పాటకు వాల్ట్జ్ వద్దు. పక్కకు అడుగు, చేర్చు, మళ్లీ ఇటు అడుగు, చేర్చు. అంతే. సినిమా పాటల్లో చరణాల మధ్య వాద్యాలు వచ్చేచోట నడక మారిపోతుంటుంది, అక్కడే కొత్తవాళ్లు తడబడతారు. పల్లవి, ఒక చరణం, మళ్లీ పల్లవి ఉంచి మిగతాది తీసేయించండి. రెండు నిమిషాలు దాటనివ్వొద్దు. ఆ కత్తిరించిన ఫైల్‌తోనే మొదటి రోజు నుంచీ సాధన చేయండి.

బట్టల గురించి కూడా చెప్పాలి. ఆమె రిసెప్షన్‌కి చీర కట్టుకుంటే అడుగు సగానికి తగ్గించాలి. వెనక్కి అడుగేసినప్పుడు మడమ కింద చీర అంచు పడుతుంది. పాత చీర ఒకటి కట్టుకుని, ఆ రోజు వేసుకోబోయే చెప్పులతోనే సాధన చేయమనండి. అంచు నేలకు అంగుళం పైకి ఉండేలా కట్టి, కుచ్చిళ్లకు లోపల పిన్నీసు పెడితే భయం ఉండదు. లెహంగా అయితే బరువు వల్ల తిరగడం ఆలస్యమవుతుంది, దానికి తగ్గట్టు మీరు ఆగాలి. మీ బూట్లు కూడా కొత్తవైతే ముందే ఇంట్లో తొడిగి నడవండి. హోటళ్లలో తివాచీ మీద పలకలు పరిచి ఫ్లోర్ వేస్తారు, దాని అంచు కాస్త ఎత్తుగా ఉంటుంది. అక్కడే తట్టుకుంటారు కాబట్టి ముందు రోజు ఒకసారి వెళ్లి చూసి రండి.

మరిచిపోతే ఏం చేయాలో కూడా సాధన చేయాలి. మీ విషయంలో ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎవరికి అడుగు తప్పినా పట్టుకున్న చేతిని చిన్నగా నొక్కాలి. ఇద్దరూ చదరం వదిలేసి ఉన్నచోటే ఊగాలి. మళ్లీ పల్లవి అందినప్పుడు మీ ఎడమ కాలుతో మొదలుపెట్టాలి. సాధనలో కావాలని మధ్యలో ఆపేసి ఇలా తిరిగి అందుకోవడం అలవాటు చేసుకోండి. ఏడో తరగతిలో మీకు స్టెప్పులన్నీ నేర్పారు, తప్పితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. ఈసారి పక్కన ఉండేది ఒక్క మనిషే, ఆమెకూ డాన్స్ రాదు, ఇద్దరూ ఒకే చోట ఊగుతుంటే అది తప్పని కనిపెట్టగలిగేవాళ్లు హాల్లో ఎవరూ ఉండరు. పాదాలు మాత్రం చూసుకోవద్దు. ఆమె ముఖంలోకి చూడటం కష్టమైతే చెవి జూకా వైపు చూడండి.

నాన్నగారు ఫోన్లో గట్టిగా వద్దంటే? అప్పుడు మీకు నిజంగా కష్టమే. ఆమె కోరిక బలమైనదైతే, ఆయన మాట విని మానేసిన సంగతి ఆమెకు చాలాకాలం గుర్తుంటుంది. ఆయన మాట కాదని చేస్తే ఆ రెండు నిమిషాలూ మీ చూపు ఆమె మీద కాక ఆయన కూర్చున్న టేబుల్ మీదే ఉంటుంది. ఇలాంటప్పుడు రెండో దారికే నేను మొగ్గుతాను, కానీ ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే మూడో దారి పట్టి, ‘ఆ కాసేపు మీకు ఇబ్బందనిపిస్తే మావయ్య మిమ్మల్ని భోజనాల దగ్గరికి తీసుకెళ్తారు నాన్నగారూ’ అని ఆయనకు ముందే ఒక వీలు కల్పించండి. వెళ్లాలో ఉండాలో ఆయన ఇష్టానికి వదిలేయండి. ఆయన లేచి వెళ్తే నొచ్చుకోకండి, ఆ మర్నాడు ఆ ప్రస్తావన తేకండి.

ఆమెతో మాట ఈ వారంలో, ఊరికి ఫోన్ ఆ తర్వాతి వారంలో అయిపోవాలి. పాట ఫైలు, లైవ్ ఆపాల్సిన సమయం, ముందే లేవాల్సిన నాలుగు జంటల పేర్లు, పెళ్లికి కనీసం రెండు వారాల ముందు డీజేకి, వీడియోవాళ్లకు చేరాలి. ఏ దారి పట్టారో, నాన్నగారు ఏమన్నారో వీలైతే మళ్లీ రాయండి.